మోనితకు ఎంత చోటివ్వాలి?

రైల్వే ఉద్యోగం నన్ను డోన్‌కు తెచ్చింది. పద్యనాటకం నన్ను ప్యాపిలి వైపు, బేతంచెర్ల వైపు పల్లెలన్నీ తిప్పింది. నాకు దక్కినవి ఎప్పుడూ ఎదుటిపక్షం వేషాలే: దుర్యోధనుడు, కీచకుడు, నక్షత్రకుడు. నా గొంతు, నా కనుబొమలు రాముడి వేషానికి పనికిరావని మా హార్మోనియం మాస్టారు మొదట్లోనే తేల్చేశాడు. రిటైరయ్యాక సాయంత్రాలు ఇంట్లో ఆడవాళ్లతో పాటు టీవీ ముందు కూర్చోవడం అలవాటైంది. సీరియల్లో జంట ఏడుస్తుంటే నా కన్ను మాత్రం పాత అలవాటు కొద్దీ విలన్ ఏం చేస్తున్నదా అనే చూస్తుంది.

మా వీధి కుర్రాడొకడు హైదరాబాదులో సీరియళ్లకు మాటలు రాసే జట్టులో చేరాడు. పండగకు వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతాడు: "పెదనాయనా, విలన్‌కు ఎంత ఇయ్యాల, జంటకు ఎంత ఇయ్యాల?" వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఒకచోట పెడుతున్నాను. ఎక్కువగా 'కార్తీక దీపం' మీదే మాట్లాడతాను. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి వరకు స్టార్ మాలో నడిచిన ఆ సీరియల్ చూడని ఇల్లు మా వీధిలో లేదు. ప్రేమి విశ్వనాథ్ దీప, నిరుపమ్ పరిటాల డాక్టర్ కార్తీక్, శోభా శెట్టి మోనిత. ఈ ముగ్గురి మధ్య తూకం ఎక్కడ నిలిచింది, ఎక్కడ తప్పింది అని చూస్తే నేర్చుకోవాల్సింది చాలావరకు దొరుకుతుంది.

1. విలన్ దెబ్బ జంటలో ముందే ఉన్న పగులు మీద పడాలి.

మా బేతంచెర్ల నాపరాయి గనుల్లో పనివాణ్ని చూడండి. రాయిని ఎక్కడ పడితే అక్కడ కొట్టడు. పొర ఎక్కడుందో చూసి ఉలి పెడతాడు, అంత పెద్ద బండ పలకలుగా విడిపోతుంది. మోనిత చేసిందీ ఆ పనే. కార్తీక్‌కు పిల్లలు పుట్టే అవకాశం లేదని అతను నమ్మేలా వైద్య పరీక్షల్లో మోసం చేసింది. దీప గర్భవతి అయ్యేసరికి అతనికి అనుమానం పుట్టింది. కానీ పొర అప్పటికే ఉంది. నల్లగా ఉందని కోడలిని మొదట్లో ఈసడించిన అత్త సౌందర్య ఉంది. ప్రేమించి చేసుకున్న భార్యను కూర్చోబెట్టి అడగడానికి అడ్డొచ్చే మగవాడి అహం ఉంది. మోనిత ఉలి పెట్టింది, అంతే.

అందుకే ఆ కథ ఏళ్ల తరబడి నిలిచింది. విలన్ బయటి నుంచి తెచ్చిన విషం, కిడ్నాప్, లారీ యాక్సిడెంటు లాంటివి రెండు మూడు వారాలకు మించి బతకవు. జంటలో ఉన్న బలహీనతను పట్టుకుంటే మాత్రం ప్రేక్షకులకు ఇద్దరి మీదా కోపం వస్తుంది. విలన్ మీద కోపం, హీరో మీద ఇంకా ఎక్కువ కోపం. ఆ రెండో కోపమే వాళ్లను మరుసటి రోజు మళ్లీ కూర్చోబెడుతుంది, ఎందుకంటే మొగుడు మారతాడన్న ఆశ అందులో ఉంటుంది.

2. చూసేవాళ్లకు తెలియాలి, జంటకు తెలియకూడదు. కానీ ఆ తేడాను రోజూ కదిలిస్తుండాలి.

శనక్కాయల కాలంలో మా ఇంట్లో ఆడవాళ్లు టీవీ ముందు చాటలు పెట్టుకుని విత్తనాలకు కాయలు ఒలుస్తారు. నేను తెర కంటే వాళ్ల చేతులు ఎక్కువ చూశాను. మోనిత వచ్చి నవ్వినప్పుడు చేతులు ఆగవు, ఇంకా వేగంగా ఒలుస్తాయి, కాయ పటపటమని పగులుతుంది. దీప నోరు తెరిచి కార్తీక్‌తో నిజం చెప్పబోతున్నప్పుడు మాత్రం అందరి చేతులూ ఒక్కసారి ఆగిపోతాయి. పప్పు చేతిలోనే ఉంటుంది, చాటలో పడదు. ఇంతలో ఫోన్ మోగుతుంది, దీప ఆగిపోతుంది. "నీ నోట్లో మన్ను పడ" అని మా ఇంటామె ఆ ఫోన్ చేసినవాణ్ని తిడుతుంది, చేతులు మళ్లీ కదులుతాయి.

కాబట్టి ఉత్కంఠ విలన్ రాకలో ఉందనుకోవద్దు. అది నిజం బయటపడే అంచులో ఉంది. విలన్‌కు నిమిషాలు ఎన్ని ఇచ్చారన్నది చిన్న లెక్క. జంట నిజానికి ఎంత దగ్గరికొచ్చి వెనక్కి పోయిందన్నది పెద్ద లెక్క. ప్రతిసారీ ఫోనే మోగితే, ప్రతిసారీ తలుపు దగ్గర ఎవరో దగ్గితే, నాలుగోసారికి ఆ చేతులు కూడా ఆగవు.

3. విడిపోయిన జంటను కట్టి ఉంచే తాడు ఒకటి కావాలి.

విలన్ గెలిచింది అంటే జంట విడిపోయింది. విడిపోయాక వాళ్లిద్దరూ చెరో ఇంట్లో ఉంటే జంట కథ ఎక్కడుంది? 'కార్తీక దీపం' రచయితలు అక్కడ కవల ఆడపిల్లలను పెట్టారు. శౌర్య తల్లి దగ్గర పెరిగింది, హిమ తండ్రి ఇంట పెరిగింది. కార్తీక్‌కు హిమ తన కన్నబిడ్డేనని తెలియదు. పిల్లలిద్దరూ స్నేహం చేస్తే ఇద్దరు పెద్దలూ ఒకచోటికి రాక తప్పదు. సౌందర్య మనసు మారి కోడలి పక్షం వచ్చింది. అంటే మోనిత జంటను విడగొట్టినా, ఆ ఇంట్లో ఆమెకు ఎదురు నిలిచేవాళ్లు పెరుగుతూ పోయారు. తక్కెడలో అటు బరువు పెరిగినప్పుడల్లా ఇటు ఒక చిన్న పడికట్టు వేస్తూ వచ్చారన్నమాట. ఈ పని మెదడుతో చేసిందే తప్ప అదృష్టం కొద్దీ కుదిరింది కాదు.

4. జంట ఏడవడం వేరు, నిర్ణయం తీసుకోవడం వేరు.

హరిశ్చంద్ర నాటకంలో నేను నక్షత్రకుణ్ని. విశ్వామిత్రుడి అప్పు వసూలుకు కాశీ దాకా ఆ రాజు వెంట పడతాను, ఎండ అంటాను, ఆకలి అంటాను, వేధిస్తాను. జనం నన్ను చూసి నవ్వుతారు, తిడతారు. కానీ నాటకం నాది కాదు. ఎందుకు? చంద్రమతి తనను అమ్మమని తానే అంటుంది. హరిశ్చంద్రుడు వీరబాహుడికి తానే అమ్ముడుపోతాడు. నేను ఎంత పీడించినా అడుగు వేసేది వాళ్లే. అందుకే కాటిసీను వచ్చేసరికి నన్ను అందరూ మరిచిపోతారు.

దీప విషయంలో మొదటి ఏళ్లలో ఈ కిటుకు బాగా పండింది. మొగుడు అనుమానించాడని అతని గుమ్మం ముందు పడి ఉండలేదు. వంటలు చేసి బిడ్డను పెంచుకుంది. 'వంటలక్క' అన్న పేరు జనం నోట అలా పడింది. ఆ పేరులో జాలి తక్కువ, గౌరవం ఎక్కువ. విలన్ ఎంత ఎత్తుకు ఎదిగినా ఫరవాలేదు, వారానికి ఒక్క నిర్ణయమైనా జంటలో ఒకరు తీసుకోవాలి. అది తప్పుడు నిర్ణయమైనా సరే. వారమంతా విలన్ ఎత్తులు వేస్తూ, జంట అవి తగిలిన చోట తడుముకుంటూ ఉంటే, ఇక ఆ కథకు నాయిక విలనే.

5. విలన్‌కు తాను న్యాయంగానే ఉన్నానని తోచాలి.

దుర్యోధనుడి వేషం వేసే రోజుల్లో మా మాస్టారు ఒక మాట అనేవాడు: "రాజ్యం నీదేనని నువ్వు నమ్మకపోతే, కృష్ణుడు చెప్పే మాటకు విలువ లేదప్పా." నేను పళ్లు కొరుకుతూ పద్యం పాడిన రాత్రి జనం బీడీలు ముట్టించుకున్నారు. నా తాతల సొత్తు ఎవడో గుంజుకోబోతున్నాడన్నట్టు పాడిన రాత్రి కిక్కురుమనలేదు.

మోనితను జనం గుర్తుపెట్టుకున్నది ఆమె పన్నాగాల కోసం కాదు. ఆమెకు కార్తీక్ మీద పిచ్చి ప్రేమ. దీప కంటే ముందు నుంచీ అతని పక్కన ఉన్నాను, అతనిలాగే డాక్టర్ని, అతనికి తగినదాన్ని నేనే అన్న లెక్క ఆమెది. ఆ లెక్క తప్పని మనకు తెలుసు, అయినా అర్థమవుతుంది. ఆస్తి కోసమో, ఊరికే కుళ్లు కొద్దీనో కుట్ర చేసే పిన్నత్తలు మన సీరియళ్లలో కోకొల్లలు. ఒక్కరి పేరైనా గుర్తుందా? మోనిత పేరు ఉంది.

2024 మార్చి 25న మొదలైన రెండో 'కార్తీక దీపం'లో అదే జంట, కథ వేరు. అక్కడ జ్యోత్స్న విలన్. పుట్టినప్పుడే బిడ్డలు మారిపోయి, దీప పెరగాల్సిన ఇంట్లో ఆమె పెరిగింది. తన చోటు తనది కాదని తెలిసినప్పుడు ఆమెకు పుట్టే భయం నిజమైన భయం. విలన్‌కు భయం ఉంటే ఆమె చేసే ప్రతి చెడ్డపనికీ వెనక తరుముతున్నదేదో చూసేవాళ్లకు కనిపిస్తుంది.

6. విలన్ తెలివి జంట తెలివితక్కువతనం మీద నిలబడకూడదు.

తూకం తప్పేది ఇక్కడే. మా కోడలు ఒకరోజు అడిగింది: "మామా, ఆయప్పే డాక్టరు కదా, ఇంకో డాక్టరు కాడికి పోయి పరీక్ష చేపించుకోకూడదా?" నా దగ్గర జవాబు లేదు. కార్తీక్ గుండె జబ్బుల డాక్టరు. చేతిలో ఉన్న రిపోర్టును ఏళ్ల తరబడి రెండోసారి పరీక్షించుకోని డాక్టరును చూసి, మోనిత ఎంత తెలివైనదో అని ఎవరూ అనుకోరు. వీడెంత మొద్దో అనుకుంటారు. అప్పుడు దెబ్బ తగిలేది హీరోకే. జంట కలిసినా, ఇంతటి మొద్దును దీప ఎందుకు క్షమించాలి అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

దీనికి మందు లేకపోలేదు. కార్తీక్ ఇంకో పరీక్షకు వెళ్లాలి. మోనిత అక్కడికి ముందే చేరాలి. లేదా పరీక్షలో నిజం తేలినా, అహం కొద్దీ అతనే దాన్ని నమ్మకూడదు. జంట తన తెలివినంతా వాడి, అయినా ఓడిపోవాలి. అప్పుడు విలన్ నిజంగా పెద్దదవుతుంది, జంట కూడా చిన్నబోదు. చూసేవాళ్లు టీవీ ముందు కూర్చుని కేకలేసి చెప్పే ఉపాయాన్ని రచయిత ముందే ఆలోచించి, దాన్ని కథలో వాడేసి, అది ఎందుకు పారలేదో చూపించాలి.

7. ఒక శత్రువు పోతే, రెండో శత్రువు ఆ చావులోంచే పుట్టాలి.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వాళ్లు ఆడిన తొలి నాటకం 'కీచక వధ'. సురభి నాటక సంస్థ పుట్టింది మన సీమలో, అదీ ఒక విలన్ పేరుతో. కీచకుడు విరాటపర్వం మధ్యలోనే చస్తాడు. మరి కథ ఎందుకు ఆగలేదు? కీచకుణ్ని చంపగలవాడు ఇంకెవడుంటాడని హస్తినలో అనుమానం పుడుతుంది, పాండవులు అక్కడే ఉన్నారేమోనని కౌరవులు విరాటుడి గోవుల మీదికి వస్తారు. 1963 నాటి 'నర్తనశాల'లో కీచకుడిగా ఎస్.వి. రంగారావు అంత పెద్ద నీడ వేసి పోయినా చివరి భాగం చప్పబడకపోవడానికి కారణం ఇదే. మొదటి గెలుపే రెండో ఆపదను పిలుచుకొచ్చింది.

'కార్తీక దీపం'లో నిజం తెలిసి కార్తీక్ భార్యాబిడ్డలకు దగ్గరయ్యాక, మోనిత చేతిలోని ఉలికి పొర దొరకలేదు. అప్పటి నుంచి ఆమె బయటి నుంచి కొట్టాల్సి వచ్చింది. కార్తీక్ బిడ్డకు తల్లినవుతున్నానంది. తానే చచ్చినట్టు నటించి ఆ హత్య అతని నెత్తిన వేసింది. మలుపులు పెద్దవే, జనం చూశారు కూడా. కానీ మునుపు మనం కార్తీక్ మనసు మారుతుందా అని చూసేవాళ్లం, ఇప్పుడు మోనిత ఎలా దొరుకుతుందా అని చూడసాగాం. జంట కథ కాస్తా దొంగా పోలీసు కథయింది.

8. వారం లెక్క మరిచిపోవద్దు.

సోమవారం నుంచి శనివారం దాకా అరగంట చొప్పున నడిచే సీరియల్‌కు ఆదివారం అనే గండం ఉంది. శనివారం విలన్ నవ్వు మీద ఆపితే సోమవారం దాకా జనం తిట్టుకుంటూ ఎదురుచూస్తారు. కానీ సోమవారం వచ్చి ఆ నవ్వు ఉత్తదే అని తేలిస్తే నమ్మకం పోతుంది. రేటింగులు వారం వారం గురువారం వస్తాయి, ఛానెల్ వాళ్లు ఆ అంకెలు చూసి విలన్‌ను పెంచమంటారు, తగ్గించమంటారు. 2020లో 'కార్తీక దీపం' వచ్చే ఏడున్నరకే ఐపీఎల్ సాయంత్రం మ్యాచ్‌లు కూడా మొదలైతే మా వీధిలో ఇంటింటా రిమోట్ పంచాయితీ. అలాంటి పోటీలో గెలవాలని రచయిత ఏ రోజుకు ఆ రోజు పెద్ద అరుపు పెట్టాలనుకుంటాడు. అంకె పెరుగుతుంది, కథ అరుగుతుంది. రెండు విలన్ గెలుపుల మధ్య ఒక జంట గెలుపు, చిన్నదైనా, ఆ వారంలోనే ఉండాలి. ఆదివారం ఇంట్లో మాట్లాడుకోవడానికి తిట్టొకటి, మంచి మాటొకటి రెండూ మిగలాలి.

9. జంటను తీసేసి విలన్‌ను కాపాడలేరు.

2022 మార్చిలో దీపను, కార్తీక్‌ను కారు ప్రమాదంలో చంపేసి, కథను పెద్దవాళ్లయిన హిమ, శౌర్యల మీదికి మళ్లించారు. కొత్త పిల్లలు బాగానే నటించారు. కానీ అప్పటిదాకా పోగేసిన కోపతాపాలన్నీ ఆ ఇద్దరి పేరు మీదే ఉన్నాయి. వాటిని కొత్తవాళ్ల ఖాతాలోకి మార్చడం కుదరలేదు. కొన్ని నెలలకే ఆ ఇద్దరూ బతికే ఉన్నారని, దీప కోమాలోంచి లేచిందని, గతం మరిచిన కార్తీక్ మోనిత దగ్గర ఉన్నాడని తిప్పుకొచ్చారు. చూడండి, జంట తిరిగొచ్చిన క్షణానే మోనిత కూడా తిరిగొచ్చింది. ఒకరు లేకుండా ఇంకొకరికి పని లేదు. 2023 జనవరి 23న సీరియల్ ముగిసేదాకా ఆ ముగ్గురే.

10. పాత్రకు పడిన తిట్టు నటికి బహుమతి, రచయితకు హెచ్చరిక.

ఒక పల్లెలో నక్షత్రకుడి వేషం తీసి మొహం కడుక్కుంటుంటే ఒక అవ్వ చెంబుతో మజ్జిగ తెచ్చింది. అందరికీ పోసి నా దగ్గర ఆగి, "ఆయమ్మను అమ్మించినోనివి, నీకెందుకు పోయాల?" అని, కాసేపు చూసి, నవ్వి పోసింది. ఆ నవ్వు రాకపోతే నాటకం ఎక్కడో తప్పిందని నేను అనుకునేవాణ్ని. ఆట అయ్యాక జనానికి ఆట అని తెలియాలి. శోభా శెట్టిని 2023లో బిగ్ బాస్ ఏడో సీజన్‌లో చూసినవాళ్లు చాలామంది మొదట మోనితనే చూశారు. అది నటన గొప్పతనం. కానీ పాత్రను ఒట్టి రాక్షసిగా రాసుకుంటూ పోతే ఆ భారం పాత్రను దాటి మనిషి మీద పడుతుంది.

11. విలన్ ఇంట్లోవాడు కూడా కావచ్చు.

'ఇంటింటి గృహలక్ష్మి' సీరియల్లో తులసి కాపురం చెడిందంటే తప్పు నడుమ వచ్చిన ఒక్క లాస్యదేనా? భర్త నందు తనంతట తాను బయటికి చూశాడు. విలన్ సగం భార్యాభర్తల మధ్యే ఉన్నాడు. 'గుప్పెడంత మనసు'లో రిషికి, వసుధారకు దేవయాని ఎంత అడ్డమో, వాళ్ల పట్టుదలలు అంతే అడ్డం. 'శ్రీరామాంజనేయ యుద్ధం' నాటకం మా సీమ పల్లెల్లో తెల్లారేదాకా ఆడుతుంది, అందులో అటు రాముడు, ఇటు ఆంజనేయుడు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరి మాటా నిలబడాలి, అక్కడే యుద్ధం. చెడ్డవాడు లేకపోయినా అడ్డంకి ఉండొచ్చు. అడ్డంకి లేకుండా మాత్రం జంట లేదు.

12. చివరికి ఒక పరీక్ష.

మా కుర్రాడికి నేను చెప్పేది ఇదే. నువ్వు రాసిన కథలోంచి విలన్‌ను ఒక నెలపాటు ఊరికి పంపు. ఆ నెలలో జంట ఒకే గదిలో కూర్చుంటే వాళ్లిద్దరి మధ్య తేలాల్సింది ఇంకా ఏమైనా ఉందా? అనుమానమో, అహమో, అడగలేని క్షమాపణో మిగిలి ఉంటే కథ ఉంది, విలన్ ఎప్పుడొచ్చినా దానికి పని ఉంటుంది. ఏమీ లేకపోతే, వాళ్లు నవ్వుకుంటూ టీ తాగుతుంటే, నువ్వు విలన్‌కు ఎన్ని ఎపిసోడ్లిచ్చినా కాలం గడపడమే. ముందు పోయి జంటను రాసుకో. విలన్ వాటా ఎంతో ఆ జంటే నీకు చెబుతుంది.